ముత్తక్కకు ముప్పై ఒక్క పేర్లు

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు కూడా లోపలికి వచ్చి కూర్చోండి, గొంతు చించుకొని చెప్పే కథ కాదిది. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. చింతపండులో గింజలు తీసేవాళ్లు తీయండి, విస్తర్లు కుట్టేవాళ్లు కుట్టండి, చెవి మాత్రం ఇటు పెట్టండి. టేకులపల్లి దాటి, తారురోడ్డు వదిలి, రెండు వాగులు దాటి లోపలికి పోతే ఒక గూడెం వస్తుంది. ఆ గూడెంలో ముత్తక్క అని ఒక ముసలామె, ఆమెకు పుష్పలత అని ఒక కోడలు. ఆ ఇద్దరి మధ్య ఒక మాట వచ్చి పడింది. ఎట్లా పడిందో, ఎట్లా లేచిందో చెబుతా.

ఆ రోజూ అన్ని రోజుల్లాగే తెల్లవారింది. పుష్పలత వంటింట్లో ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతోంది. బయట వాకిట్లో మూడు చప్పట్లు మోగాయి. ఠప్, ఠప్, ఠప్.

"వస్తున్ననో!" అని ఒక కేక.

ఆ తరువాత కాసేపు ఏమీ లేదు. ఒక మనిషి నిదానంగా పది అడుగులు వేసేంతసేపు. అప్పుడు ముత్తక్క లోపలికొచ్చింది. కట్టుకున్న చీర మీద, చనిపోయిన భర్త జంపయ్య ఖాకీ చొక్కా. ఎండైనా వానైనా చంకలో గొడుగు. వచ్చీ రాగానే కోడలి ముఖం వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అడిగింది.

"పొయ్యి పొగ పెడుతుందా బిడ్డా?"

"గ్యాస్ పొయ్యికి పొగ ఎక్కడిదత్తా! నాలుగేండ్లాయె కొని. రోజూ గిదే మాటనా?" అంది పుష్పలత.

"పెట్టకుంటే మంచిదే తియ్యి," అని చెంబెడు నీళ్లు ముంచుకొని ముసలామె కోళ్ల దగ్గరికి పోయింది. "ఏమే టీచరమ్మా, మళ్ల ఊరోళ్ల పిల్లలందర్నీ నీ రెక్కల కిందనే ఏస్కున్నవా? ఓ సర్పంచూ, నువ్వు కూసింది చాలుగాని జర పక్కకు జరుగు!"

సర్పంచ్ అంటే కోడిపుంజు. టీచరమ్మ అంటే పొదిగే పెట్ట. పుష్పలత ఆ గూడెం అంగన్‌వాడీ టీచరు. ఆ పేరు ఎవరిని చూసి పెట్టిందో గూడెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పుష్పలత కత్తిని చెక్క మీద కొంచెం గట్టిగానే కొట్టింది.

దమ్మపేట దగ్గర పుట్టి పెరిగిన పిల్ల పుష్పలత. ఇంటర్ దాకా చదివింది. ఇరవై ఏళ్ల కింద రాజేష్‌ను చేసుకొని ఈ గూడేనికి వచ్చింది. వచ్చిన మొదటి వారంలోనే బావి దగ్గర ఒకామె, "నువ్వేనా తిక్క ముత్తక్క కోడలివి?" అని అడిగింది. అదిగో, ఆ రోజు నుంచి ఆమెకు సొంత పేరు లేకుండా పోయింది. అత్త ఎక్కడికి పోయినా గుమ్మం దగ్గర మూడు చప్పట్లు కొడుతుంది. రేషన్ షాపైనా, దవాఖానా అయినా, చివరికి ఖాళీ పశువుల కొట్టమైనా సరే. బస్సెక్కితే అందరూ ముందుకు చూస్తే ఆమె వెనక్కి తిరిగి నిలబడుతుంది. "పోయే ఊరు ఎట్లన్న కనబడ్తది. ఒదిలిన ఊరే మల్ల కనబడదు," అంటుంది. పక్కన పుష్పలత తల వంచుకొని టికెట్ మీది అంకెలు చదువుకుంటూ ఉంటుంది.

ఆ రోజు అంగన్‌వాడీకి మండలం నుంచి కొత్త సూపర్‌వైజర్ మేడం వచ్చింది. పుష్పలత పొద్దుటి నుంచి గోడలు తుడిపించి, పిల్లలకు పద్యం నేర్పించి, చేతులు కట్టుకొని నిలబడింది. మేడం టీ గ్లాసు పట్టుకొని రిజిస్టరు తిప్పుతోంది. సరిగ్గా అప్పుడే బయట మోగాయి మూడు చప్పట్లు.

అంతే. గదిలో ఉన్న పద్దెనిమిది మంది పిల్లలూ లేచి నిలబడి మూడు చప్పట్లు తిరిగి కొట్టారు. "రావచ్చునో!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. ముత్తక్క ఎప్పుడు నేర్పిందో ఏమో! మేడం ఉలిక్కిపడింది, టీ రిజిస్టరు మీద ఒలికింది. గుమ్మంలో ఖాకీ చొక్కా, గొడుగు, చేతిలో పుష్పలత మరిచిపోయి వచ్చిన టిఫిన్ డబ్బా.

"ఎవరండీ ఈమె?" అంది మేడం, చీర దులుపుకుంటూ.

పుష్పలతకు చెవులు కాలిపోయాయి. "ఎవరో లెండి మేడం. ఊళ్లో ముసలామె. కొంచెం తిక్క మనిషి, పట్టించుకోకండి," అంది.

అన్నాక గుమ్మం వైపు చూసింది. ముసలామె లేదు. డబ్బా మాత్రం అరుగు మీద ఉంది, మూత ఊడకుండా తువాలు గుడ్డతో ముడివేసి. విన్నదో లేదో తెలియలేదు. వినలేదులే అనుకుంది పుష్పలత. మనం అనకూడని మాట అన్నప్పుడు అట్లాగే అనుకుంటాం కదా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు లిఖిత అరుగు మీద నోట్‌బుక్ పట్టుకొని కూర్చుంది. కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్ల, సెలవులకు వచ్చింది. తెలుగు మేడం ఒక్కొక్కరికి ఒక్కో పని ఇచ్చిందట. ఒకరు వంటసామాను పేర్లు, ఒకరు చేపల పేర్లు రాసుకురావాలి. లిఖితకు పడింది ఏమిటంటే, అందరిలా కాకుండా తమ తీరున తాముండే మనుషులను ఊళ్లో ఏమేమి అంటారో ఆ మాటలన్నీ.

"ముప్పై దొరికినయ్ అమ్మా! గూడెం మొత్తం తిరిగిన. ఎవర్ని అడిగినా మాట చెప్పి, 'అంటే మీ నాయనమ్మ లెక్క' అంటున్నరు," అని పిల్ల పగలబడి నవ్వింది. "నువ్వు గూడ ఒకటి చెప్పు. నీ పేరు గూడ రాస్త."

"నన్ను పనిచేసుకోనియ్యి లిఖితా."

"ఒక్కటి అమ్మా. నాయనమ్మను ఒక్క మాటల చెప్పాలంటే ఏమంటవ్?"

పుష్పలత భుజానికున్న సంచి కింద పడేసింది. టీ మరకల రిజిస్టరు మళ్లీ రాసుకోవడానికి ఇంటికి తెచ్చుకుంది. అది సంచిలోంచి జారి బయట పడింది.

"బరువు," అంది. "రాసుకో. బరువు."

లిఖిత నవ్వు ఆగింది. కానీ తెలుగు మేడం చెప్పింది కదా, విన్నది విన్నట్టు రాయాలని. రాసింది. పక్కన 'మా అమ్మ' అని కూడా రాసింది.

ఆదివారం పొద్దున పక్కింటి శారద, ఎదురింటి పగిడయ్య ముత్తక్క అరుగు మీద చేరారు. ఎవరు చెప్పారో ఏమో, మనవరాలు ఊరంతా తిరిగి పేర్లు రాసుకున్న సంగతి ముసలామె చెవిన పడింది. "చదువు బిడ్డా, విందాం. నా ఆస్తి అంత అందులనే ఉందంట గదా!" అని కూర్చుంది, గొడుగు ఒళ్లో పెట్టుకొని.

లిఖిత మొదట జంకింది. కానీ నాయనమ్మ కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరుస్తున్నాయి.

"తిక్కది," అని మొదలుపెట్టింది.

"ఇది అందరిది. ముందుకు పో."

"ఎడ్డిది."

"ఇది మా పగిడయ్య మరిది అని ఉంటడు. ఆయన తెల్లారితే దున్నపోతును గూడ ఎడ్డిదే అంటడు."

"నేను ప్రేమతోటి అన్న వదినా!" అన్నాడు పగిడయ్య.

"దున్నపోతును గూడ ప్రేమతోటే అంటవ్, నాకు తెల్వదా? చదువు బిడ్డా."

"తింగరిది. సోయి లేని మనిషి. మొండిఘటం. గాలి సోకినది. వింతపక్షి..."

"పక్షా? గిది బాగుంది. ఎవలు?"

"శారదత్త."

శారద కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పక్షి అంటే మంచిదే గద పెద్దమ్మా!"

"మంచిదే బిడ్డా. నిన్న మా ఇంటికి పెరుగు కోసం వస్తివి. పక్షి పెరుగు ఎట్ల తోడేస్తది అనుకున్నవ్?"

అందరూ నవ్వారు. మెంటల్, లూజు, చాదస్తం, పరాకు మనిషి, చప్పట్ల ముసల్ది, ఒకటొకటీ వస్తుంటే ముత్తక్క అన్నవాళ్లెవరో చెప్పేస్తోంది, ఒక్కటీ తప్పడం లేదు. కుర్రాళ్లు చెప్పిన 'టవర్ అందని మనిషి' విని, అంటే ఏమిటో చెప్పించుకొని మరీ నవ్వింది. పూజారి తల్లి కోయ మాటలో ఒకటి చెప్పిందట. దాన్ని తెలుగు అక్షరాల్లో ఎట్లా రాయాలో తెలియక లిఖిత నోటితో అనబోతే, నాలుక తిరగలేదు. ముసలామే సరిగ్గా పలికి చూపించి, "గిది మా అమ్మ నన్ను తిట్టే మాట. ఎన్నేండ్లాయె విని!" అని కళ్లొత్తుకుంది.

ఆ ఊపులో లిఖిత పేజీ తిప్పింది. నోరు కళ్ల కంటే ముందుంది.

"బరువు," అని చదివేసింది.

అప్పుడే పుష్పలత టీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకొని గుమ్మంలోకి వచ్చింది.

"గిది ఎవలన్నరు?" అని ముత్తక్క అడిగింది. ఇంకా నవ్వుతూనే ఉంది. పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ముసలామె ఆ చప్పుడు విని తల తిప్పింది, కోడలి చేతులు చూసింది. అంతే, ఇంక అడగలేదు.

"ఉండనియ్యి బిడ్డా," అంది లిఖితతో. "మీ మేడంకు అన్నీ గావాలె గదా." గొడుగు ఊతంగా లేచి లోపలికి పోయింది. చొక్కా గుండీలు విప్పుతూ పోయింది.

మరునాటి నుంచి ముత్తక్క అందరిలాంటి మనిషి అయిపోయింది. ఖాకీ చొక్కా మడతపెట్టి దండెం మీద వేసింది. గొడుగు మూలకు పోయింది. కోళ్లకు గింజలు చల్లి "ఇష్షో" అంటుంది, అంతే. శారద పెరుగు కోసం వస్తే పెరుగిచ్చి, "బాగున్నవా" అని అడిగి ఊరుకుంది. ఇంట్లోకి వచ్చేటప్పుడు చప్పట్లు లేవు, కేక లేదు.

మొదటి రెండు రోజులు పుష్పలతకు ప్రాణం హాయిగా ఉంది. ఉన్నమాట చెప్పాలి కదా. మనసులో ముల్లు గుచ్చుతున్నా, ఇల్లు మాత్రం నలుగురి ఇళ్లలా ఉందనుకుంది. మూడో రోజు బియ్యం కడుగుతూ వెనక్కి తిరిగితే అత్త నిలబడి ఉంది. గిన్నె చేతిలోంచి జారి బియ్యమంతా నేలపాలు. నాలుగో రోజు చీర మార్చుకుంటుంటే తలుపు తెరుచుకుంది. "అయ్యో," అని ముసలామె వెనక్కి పోయింది. ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా ఇట్లా జరిగిందా అని పుష్పలత ఆలోచించింది. జరగలేదు.

శుక్రవారం దమ్మపేట నుంచి ఒక చుట్టం ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, "మీ అమ్మ ఏడాది దినానికి నువ్వు రాకపోతివి ఏందే?" అని అడిగింది. తమ్ముడు అమ్మ ఏడాది చేసి, అక్కకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లో గాదె వెనక్కి పోయి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అమ్మ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు.

తల ఎత్తేసరికి ఎదురుగా ముత్తక్క.

ముసలామె కుడిచెయ్యి సగం పైకి లేచి ఉంది. ఆ చేతిని మెల్లగా కిందికి దించుకుంది. "చెంబు కోసం వచ్చిన," అంది నేల చూస్తూ. చెంబు తీసుకొని పోయింది. పొయ్యి మాటే ఎత్తలేదు.

పుష్పలత అక్కడే కూర్చుండిపోయింది. ముఖం తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు దమ్మపేట గుర్తొచ్చి రోజూ ఇదే గాదె వెనక ఏడ్చేది. బయట చప్పట్లు మోగేవి. వస్తున్ననో అని కేక. ముఖం కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, బొట్టు సర్దుకొని నిలబడేంతవరకూ ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. వచ్చాక ఒకటే ప్రశ్న, పొయ్యి పొగ పెడుతుందా బిడ్డా అని. ఎర్రబడ్డ కళ్లకు ఎవరూ కారణం అడగకుండా ముసలామే ఒక కారణం ముందుగా తెచ్చి చేతిలో పెట్టేది. కడుపులో రెండో బిడ్డ నిలవనప్పుడు. రాజేష్‌తో మాటామాటా పెరిగినప్పుడు. అమ్మ పోయిన వారం. ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో ఆమె ఏడుపును, ఆమె చూపించాలనుకుంటే తప్ప, ఎవరూ చూడలేదు.

పొయ్యి అంటించకముందే పొగ అంటుంది తిక్కది అని బావి దగ్గర తానే ఎన్నిసార్లు చెప్పి నవ్వించిందో!

ఇంత తెలిసినా, పోయి అత్త కాళ్ల దగ్గర కూర్చుందా అంటే కూర్చోలేదు. సిగ్గు అడ్డం వచ్చింది. రేపు మాట్లాడుదాం అనుకుంది. ఆ రేపు కూడా అట్లాగే గడిచింది.

ఆదివారం రాజేష్ వచ్చాడు. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని, వారానికి ఒక్కరోజు ఇంటికి, పోయిన ఆదివారం డ్యూటీ పడి రాలేదు. ఎప్పుడొచ్చినా తల్లి అతని చొక్కా వాసన చూసి, "ఈ వారం వెదురా, జామాయిలా?" అని అడుగుతుంది. ఎప్పుడూ తప్పే చెబుతుంది, ఎప్పుడూ పందెం అంటుంది. ఈసారి "బాగున్నవా, తిన్నవా" అని అడిగి కంచం పెట్టింది. రాజేష్ సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. తల్లి ఊరి పెద్ద ఇంటికి పోయాక వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మకు ఏమైందే?"

"ఏమైతది? మంచిగనే ఉంది. అందరి లెక్క ఉంది," అంది పుష్పలత.

"గదే అడుగుతున్న. అందరి లెక్క ఎందుకుంది?"

లిఖిత నోట్‌బుక్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. "తప్పు నాది గూడ నాయనా. రాసింది నేను, చదివింది నేను," అంది. అతను చదివాడు. చివరి మాట మీద వేలు అట్లాగే పెట్టి ఉంచాడు.

"బరువా?"

"నోరు జారింది," అంది పుష్పలత.

"లిఖిత పుట్టినప్పుడు వాగు పొంగింది, యాదికుందా? నిన్ను మంచం మీద పండబెట్టి వాగు దాటించినం. నలుగురం మోసినం. నడిమిట్ల పగిడయ్య చిన్నాయన కాలు జారితే ఆ మంచం కోడు ఎవలు అందుకున్నరు? చాతి లోతు నీళ్లల్ల? అప్పుడు ఎవలు బరువే?"

"నీకేం తెలుసు నా బాధ!" అంది పుష్పలత. "వారంల ఆరు రోజులు నువ్వు సారపాకల ఉంటవ్. నిన్ను ఎవరన్న తిక్క ముత్తక్క కొడుకా అని నవ్విండ్రా? నన్ను నవ్వుతరు. బస్సుల నవ్వుతరు, బావికాడ నవ్వుతరు. ఇరవై ఏండ్లు ఓర్చుకున్న. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి జారింది."

రాజేష్‌కు కోపం దిగింది. పీట లాక్కొని కూర్చున్నాడు.

"నిజమే. నువ్వు పడ్డది నేను పడలే. కని ఒక్కటి చెప్త విను. మా నాయన చెంప మీద గాటు చూసినవ్ గదా?"

"ఎలుగుబంటి అని తెలుసు."

"ఇప్పపువ్వు కాలం. తెల్లారకముందే నాయన ముందు నడిచిండు, మూగోని లెక్క. ఎలుగుకు ఇప్పపువ్వంటే ప్రాణం, చెట్టు కిందనే ఉంది. మనిషి చప్పుడు లేకుండ మీదికొచ్చేసరికి అది బెదిరింది, బెదిరి మీద పడ్డది. అమ్మ ఎనకనుంచి చప్పట్లు కొట్టుకుంట ఉరికొచ్చింది, అది పోయింది. అప్పటిసంది ఆమె ఏ గడప తొక్కినా చప్పుడు జేస్తది. చిన్నప్పుడు నేను నవ్విన. అప్పుడు ఏమన్నదో తెలుసా? 'లోపలున్నోళ్లకు సర్దుకునే సందు ఇయ్యాలె బిడ్డా. ఎలుగైనా మనిషైనా బెదిరితేనే మీద పడేది' అన్నది."

పుష్పలత చీర కుచ్చెళ్లు పట్టుకొని నేల మీద కూర్చుండిపోయింది. గాదె వెనక సంగతి చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. సాయంత్రం బస్సుకు రాజేష్ డ్యూటీకి పోయాడు. పోతూ తల్లి ముందు వంగి చొక్కా చూపించాడు. "వెదురు," అంది ముసలామె చిన్నగా. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే ఊరి పెద్ద ఇప్పపూల పండుగ ముగించి, రేపటి నుంచి పువ్వు ఏరుకోవచ్చన్నాడు. వాగు అవతల ముత్తక్క వాళ్ల ఇంటి చెట్టు ఉంది, తాతల నాటిది.

తెలతెలవారుతుండగా పుష్పలతకు మెలకువ వచ్చింది. ఏదో లోటుగా ఉంది. ఏమిటో తెలియలేదు. పక్కన లిఖిత కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది.

"అమ్మా, నాయనమ్మ పోయిందా? పువ్వు మొదటి రోజు ఊరంత లేచేటట్టు చప్పట్లు కొట్టుకుంట పోతది గదా. ఇయ్యాల వినబడలే."

మంచం ఖాళీగా ఉంది. గంప లేదు. గొడుగు మూలనే ఉంది, చొక్కా దండెం మీదనే ఉంది.

పుష్పలత వీధిలోకి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. జుట్టు ముడి వేసుకోలేదు, చెప్పులు లేవు. దండెం మీది ఖాకీ చొక్కా మాత్రం చేతిలో ఉంది. పరుగెత్తుతూనే దాన్ని చీర మీద తొడుక్కుంది, రెండు చేతులూ చప్పట్లకు కావాలి మరి. ఠప్, ఠప్, ఠప్.

"వస్తున్ననో! జరుగున్రో! పక్కకు జరుగున్రో!"

అంగన్‌వాడీ టీచరమ్మ గొంతు అంత పెద్దదని గూడేనికి ఆ రోజే తెలిసింది. శారద చీపురు పట్టుకొని అట్లాగే నిలబడింది. పగిడయ్య వేపపుల్ల నోట్లోంచి తీసి, "అయిపాయె! కోడలికి గూడ పట్టింది!" అన్నాడు. పుష్పలత విన్నది. విని ఇంకా గట్టిగా కొట్టింది. వెనక లిఖిత కూడా చప్పట్లు కొట్టుకుంటూ పరుగు. కోడిపుంజు సర్పంచ్ కూడా వాళ్ల వెంట కొంత దూరం పోయి వెనక్కొచ్చింది.

వాగు దాటింది. రాళ్లు కాళ్లకు గుచ్చుకున్నాయి. "అత్తా! ఓ అత్తా!" అంటూ మూడు చప్పట్లు. జవాబు లేదు. మళ్లీ మూడు. మళ్లీ మూడు.

చెట్ల నడుమ నుంచి, చిన్నగా, ఠప్. ఠప్. ఠప్.

ఇప్పచెట్టు కింద ముత్తక్క గంప ముందు పెట్టుకొని నిలబడి ఉంది. చెట్టుకు అటువైపు నేలంతా కొత్తగా గీరి ఉంది, రాలిన పువ్వు సగం తిని ఉంది. ఆ గోళ్ల గుర్తులు చూసి పుష్పలత ఉన్నచోటే ఆగిపోయింది. అవతలి పొదల్లో ఏదో పెద్దది, తొందరేమీ లేకుండా, ఎండుటాకులు తొక్కుకుంటూ దూరంగా పోతున్న చప్పుడు. ముసలామె అటు చూడలేదు. కోడలి ఒంటి మీది చొక్కానే చూస్తోంది.

"చప్పుడు జేయకుండ ఎందుకొచ్చినవత్తా?" పుష్పలత అరిచింది. అరుపు మధ్యలోనే ఏడుపైంది. "నీకేమన్న అయితే?"

"చప్పట్లు కొడితే నీకు తలవంపులు గదా బిడ్డా. ఇన్నేండ్లు నీ నెత్తిమీద కూసున్న. జర తేలిగ్గ నడుద్దామనుకున్న," అంది ముత్తక్క.

"ఆ రోజు అంగన్‌వాడీల అన్నది విన్నవా?"

"ఇనలే," అంది ముసలామె. అబద్ధం చెప్పడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు, కళ్లు గంపలోకి పోయాయి.

పుష్పలత ఆమె కాళ్ల దగ్గర, రాలిన పువ్వు మీదే కూలబడింది. గాదె వెనక దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. అమ్మ ఏడాది, తమ్ముడి సంగతి, నిలవని బిడ్డ, టీ పడ్డ రిజిస్టరు. ఏది ఏ వరుసలో చెప్పిందో దేవుడికే తెలియాలి. ముత్తక్క వంగి, కోడలి జుట్టులో చిక్కుకున్న ఇప్పపువ్వులు ఒక్కొక్కటిగా తీసి గంపలో వేసింది. లిఖిత దూరంగా ఆగిపోయింది. అప్పుడు ముసలామె తల తిప్పి అడవి వైపు చూస్తూ, ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"పొయ్యి పొగ పెడుతుందా బిడ్డా?"

చుట్టూ చెట్లు తప్ప ఏమీ లేవు. పుష్పలత ఖాకీ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది.

"అవ్ అత్తా," అంది. "చానా పెడుతుంది."

"పెట్టనియ్యి. నేను గిటు తిరిగి కూసుంట. నీ పని అయినంక చెప్పు," అని ముసలామె వీపు తిప్పుకొని కూర్చుంది, బస్సులో నిలబడ్డట్టు.

ఆ రోజు తిరిగొచ్చాక లిఖిత నోట్‌బుక్ తీసి ఆ చివరి మాట కొట్టేయబోయింది. ముత్తక్క చెయ్యి పట్టుకుంది. "కొట్టేయకు. అన్నది అన్నట్టు ఉండాలె. దాని కింద ఇంకో మనిషి పేరు రాయి. పగిడయ్య మరిది మా కోడలిని గూడ ఏదో అన్నడంట గదా, గది గూడ రాయి. ఇగ మేమిద్దరం." పుష్పలత గ్యాస్ పొయ్యి ముందు నిలబడి, వెనక్కి తిరగకుండానే నవ్వింది.

నెల తిరిగాక సూపర్‌వైజర్ మేడం మళ్లీ వచ్చింది. టీ తాగుతుండగా బయట మూడు చప్పట్లు. మేడం ఈసారి గ్లాసు గట్టిగా పట్టుకుంది. "మళ్లీ ఆ ఊళ్లో ముసలామేనా?" అంది.

"కాదు మేడం. ఆమె మా అత్త," అంది పుష్పలత. లేచి గుమ్మం వైపు తిరిగి, పిల్లల కంటే ముందే తనే కొట్టింది మూడు చప్పట్లు. "రావచ్చునో!"

ఇదీ సంగతి. విన్నారు కదా, ఇక్కడే వదిలేసి పోకండి. మీ పిల్లలకు చెప్పండి, పక్కింటివాళ్లకు చెప్పండి, ముత్తక్క పేర్లు ముప్పైలో గుర్తున్నన్ని చెప్పి నవ్వించండి, ఆ చివరిది కూడా దాచకుండా చెప్పండి. ఒక్కటి మాత్రం మరవకండి. ఈ కథ చెప్పడానికి ఎవరింటికి పోయినా, గుమ్మం దగ్గర ఒక్క చప్పుడు చేసి, కాసేపు ఆగి, అప్పుడు లోపలికి పోండి.